అభ్యర్థి లేని వార్డు ఎవరి ఖాతాలో?

2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్‌లో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలకు ఓటేయడానికి వెళ్లిన వారికి బ్యాలెట్ పత్రంపై సైకిల్ గుర్తు కనిపించింది. ఆ గుర్తున్న తెలుగుదేశం పార్టీ మాత్రం పోటీలో లేదు. ఎన్నికలను బహిష్కరిస్తున్నామని చంద్రబాబు నాయుడు ఆరు రోజుల ముందే ప్రకటించారు. నామినేషన్లు, ఉపసంహరణలు 2020 మార్చిలోనే ముగిశాయి. ఆ తర్వాత కొవిడ్ వల్ల పోలింగ్ ఏడాదికి పైగా ఆగిపోయింది కాబట్టి పేర్లు తీసేసే వీలు లేకపోయింది. పార్టీ వద్దన్నా కొందరు అభ్యర్థులు ఇల్లిల్లూ తిరిగారు, ఓటర్లు సైకిల్‌పై ముద్ర వేశారు. సెప్టెంబరు 19న లెక్కిస్తే, తాను పోటీలో లేనన్న పార్టీకి 800కు పైగా ఎంపీటీసీ స్థానాలు వచ్చాయి. బహిష్కరణ నచ్చక సీనియర్ నేత జ్యోతుల నెహ్రూ పార్టీ రాష్ట్ర ఉపాధ్యక్ష పదవికి రాజీనామా కూడా చేశారు.

మూడేళ్లు తిరిగేసరికి అదే పార్టీ 144 అసెంబ్లీ స్థానాల్లో పోటీ చేసి 135 గెలుచుకుంది. ఊళ్లో ఎన్నికలు వదిలేసిన పార్టీకి రాష్ట్రంలో పుట్టగతులుండవని రాజకీయ పండితులు చెబుతూ వచ్చిన సూత్రం అక్కడ పనిచేయలేదు. హైదరాబాద్‌లోనూ అంతే. 2009 నవంబరులో జరిగిన జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో టీఆర్‌ఎస్ అసలు పోటీ చేయలేదు. 2016లో 150 డివిజన్లకు 99 గెలిచింది. 2009లో 45 డివిజన్లు గెలిచిన తెలుగుదేశం 2016లో ఒక్కదానికి పడిపోయింది. 2020లో వందకు పైగా డివిజన్లలో నిలబడి ఒక్కటీ గెలవలేదు. నిలబడినంత మాత్రాన పార్టీ బతకలేదు, తప్పుకున్నంత మాత్రాన చావలేదు.

ఈ లెక్క నాయకులకు బాగా తెలుసు. ఎక్కడ పోటీ చేయాలి, ఎక్కడ వదిలేయాలి అన్నది పార్టీలకు అంత తేలికైన వ్యవహారం కావడానికి కారణం అదే. తప్పుకుంటే పార్టీ చెల్లించే మూల్యం దాదాపు లేదు. ఐదేళ్లపాటు మండల పరిషత్ సమావేశంలో తన తరఫున అడిగే రెండో గొంతు లేక నష్టపోయేది ఊరు. ఆ నష్టం ఏ పార్టీ సమీక్షలోకీ రాదు.

ఇంతకీ పార్టీ నిర్ణయం అంటున్నాం గానీ, ఆ నిర్ణయం తీసుకునేది ఎవరు? అసెంబ్లీ టికెట్ అధినేత ఇంట్లో తేలుతుంది. ఎంపీటీసీ టికెట్ ఎమ్మెల్యే ఇంట్లో, ఎమ్మెల్యే లేని చోట నియోజకవర్గ ఇన్‌చార్జి ఇంట్లో తేలుతుంది. పార్టీ అధికారిక అభ్యర్థి ఎవరో ఖాయం చేస్తూ రాష్ట్ర కార్యాలయం నుంచి వచ్చే ఏ-ఫారం, బీ-ఫారం కట్టలు చివరికి చేరేది అక్కడికే. మండల పార్టీ అధ్యక్షుడు పేర్లు రాసుకొస్తాడు, సర్వే చేయించామంటారు, కమిటీ కూర్చుందంటారు. కానీ ఫారంపై పేరు రాసే కలం ఒక్కరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్కరి చూపు ఈ ఎన్నిక మీద ఉండదు, రాబోయే అసెంబ్లీ ఎన్నిక మీద ఉంటుంది.

అందుకే ఎంపికలో మొదటి ప్రశ్న గెలుస్తాడా అన్నది కాదు. ఆర్థికంగా తట్టుకోగలడా అన్నది మొదటిది. నామినేషన్ డిపాజిట్ వేలల్లోనే ఉంటుంది, వ్యయ పరిమితి 2020లో జీహెచ్‌ఎంసీ డివిజన్‌కు సైతం 5 లక్షలే. ఆ పరిమితిలో ఎన్నిక ముగుస్తుందని నమ్మేవారు ఏ పార్టీలోనూ కనిపించరు. పార్టీ నుంచి డబ్బు రాదు, అభ్యర్థే పెట్టుకోవాలి. రెండో ప్రశ్న మనవాడేనా అని. పార్టీ మనిషా అని దాని అర్థం కాదు, ఇన్‌చార్జి మనిషా అని. మూడోది ఎవరూ పైకి అనరు: గెలిచాక వీడు మరీ పెద్దవాడైపోతాడా? బలమైన జడ్పీటీసీ సభ్యుడంటే రేపటి అసెంబ్లీ టికెట్‌కు పోటీదారు. గెలిచే మనిషిని పక్కన పెట్టి గెలవని వాడికి ఫారం ఇచ్చిన సందర్భాలు ప్రతి నియోజకవర్గంలోనూ ఉన్నాయి. స్థానిక నాయకులను అడిగితే ఊరి పేరుతో సహా చెబుతారు. బలమైన ప్రత్యర్థితో లోపాయికారీగా మాట్లాడుకుని ఒక మండలం వదిలి ఇంకో మండలం తీసుకోవడమూ ఈ లెక్కలో భాగమే. అక్కడ నిలబడేది డమ్మీ అభ్యర్థి. ఓటరుకు ఆ సంగతి పోలింగ్ నాటికి తెలుస్తుంది, అభ్యర్థికి ఒక్కోసారి అప్పటికీ తెలియదు.

ఈ గుట్టు ఇంత సాఫీగా సాగడానికి ఒక చిన్న నిబంధన తోడ్పడుతోంది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో బీ-ఫారం నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా ఇవ్వాలి. ఎవరు పార్టీ అభ్యర్థో ఆ రోజే తేలిపోతుంది. మన పురపాలక, పరిషత్ ఎన్నికల్లో మాత్రం ఉపసంహరణ గడువు ముగిసే రోజు దాకా సమయం ఉంది. కాబట్టి ఒకే వార్డులో ఒకే పార్టీ పేరుతో నలుగురైదుగురు నామినేషన్ వేసి కూర్చుంటారు. జీహెచ్‌ఎంసీ 2020 ఎన్నికలే తీసుకోండి. నవంబరు 17న నోటిఫికేషన్, 18 నుంచి 20 దాకా నామినేషన్లు, 22న ఉపసంహరణ, డిసెంబరు 1న పోలింగ్. నోటిఫికేషన్ నుంచి ఓటు దాకా మొత్తం రెండు వారాలు. అందులో అభ్యర్థి ఎవరో అధికారికంగా ఖాయమైన నాటి నుంచి ప్రచారానికి మిగిలింది వారం రోజులు. 20 నుంచి 22 దాకా నడిచింది బుజ్జగింపులు, బేరాలు, కో-ఆప్షన్ సభ్యత్వం ఇస్తామన్న హామీలు, ఏదో కార్పొరేషన్ డైరెక్టర్ పదవి ఆశ. జనసేన 17న పోటీ చేస్తామని చెప్పి 20న బీజేపీకి మద్దతిస్తూ తప్పుకుంది. అప్పటికే నామినేషన్లు వేసిన ఆ పార్టీ కుర్రాళ్లు ఉపసంహరించుకోవాల్సి వచ్చింది.

ఆ ఎన్నికలోనే రెండు పార్టీలు రెండు భిన్నమైన దారులు చూపించాయి. మజ్లిస్ 150 డివిజన్లలో 51 చోట్లే నిలబడి 44 గెలిచింది. 2016లో 60 చోట్ల నిలబడింది, అప్పుడూ 44 గెలిచింది. అంటే నాలుగేళ్లలో ఆ పార్టీ నేర్చుకున్నది ఎక్కడ నిలబడకూడదో. మజ్లిస్ కేంద్ర కార్యాలయం దారుస్సలాంకు తన పరిధి ఇంటి గోడల్లా తెలుసు, గోడ అవతలికి వెళ్లడం వల్ల తనకు రాకపోగా ఇంకెవరికో లాభమని కూడా తెలుసు. బీజేపీ అందుకు పూర్తిగా ఎదురు. దుబ్బాక ఉప ఎన్నిక గెలిచిన ఊపులో దాదాపు అన్ని డివిజన్లలోనూ దిగింది. పాతబస్తీలో గెలవని చోట్ల కూడా అభ్యర్థిని పెట్టింది, అమిత్ షాను, యోగి ఆదిత్యనాథ్‌ను వార్డు ఎన్నికలకు రప్పించింది. 4 డివిజన్ల నుంచి 48కి ఎదిగింది. గెలవని చోట్ల నిలబడటం దానికి వృథా కాలేదు, నగరమంతటా తానే ప్రత్యర్థినన్న భావన కలిగించింది. ఈ రెండింటి మధ్య కాంగ్రెస్ కూడా దాదాపు అన్నిచోట్లా నిలబడి రెండు గెలిచింది. అన్నిచోట్లా నిలబడటం ఒక వ్యూహమే, దాని వెనక ఒక మాట ఉంటేనే.

మజ్లిస్ తీరును సంకుచితమని తేలిగ్గా అనేయవచ్చు. నాకైతే అందులో ఒక నిజాయతీ కనిపిస్తుంది. మన దగ్గర పార్టీలు ఎన్ని చోట్ల బీ-ఫారాలు ఇచ్చాయో ఘనంగా చెబుతాయి, ఎన్ని చోట్ల పోలింగ్ ఏజెంట్‌ను కూర్చోబెట్టగలిగాయో చెప్పవు.

ఇక రిజర్వేషన్ల జాబితా. ఎవరు ఎక్కడ అన్న ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ స్థానాలు జనాభా ప్రకారం, బీసీల వాటా, అన్నింటా మహిళలకు సగం, ఆపై రొటేషన్. జాబితా ఎప్పుడూ ఎన్నికల అంచున వస్తుంది. అప్పటిదాకా ఐదేళ్లు వార్డులో తిరిగినవాడు బీసీ మహిళ అన్న రెండు మాటలు చూసి పక్క వార్డు వెతుక్కుంటాడు, లేదా ఇంట్లో వాళ్ల చేత నామినేషన్ వేయిస్తాడు. మహిళలకు 50 శాతం చట్టంలో చాలా పెద్ద విషయం. ఆచరణలో మాత్రం ఫ్లెక్సీలో భార్య బొమ్మ చిన్నగా, భర్త బొమ్మ పెద్దగా ఉన్న వార్డులు ఎన్నో లెక్కపెట్టుకోవచ్చు. దీన్ని మార్చే అధికారం పార్టీలకుంది. తమ మహిళా విభాగంలో పదేళ్లుగా పనిచేస్తున్న కార్యకర్తకు ఫారం ఇస్తే చాలు. ఇవ్వరు, ఎందుకంటే మళ్లీ ఆ మొదటి ప్రశ్నే: ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

రిజర్వేషన్లపై కోర్టు తీర్పులు ఈ చదరంగాన్ని చివరి నిమిషంలో తిరగరాస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం రిజర్వేషన్లను 59.85 శాతానికి చేర్చిన ఉత్తర్వును 2020 మార్చి 2న హైకోర్టు కొట్టేసింది. 50 శాతం పరిమితికి లోబడటంతో బీసీల వాటా 34 నుంచి 24కి తగ్గింది. తగ్గిన వాటాను పార్టీపరంగా పూడుస్తామని రెండు ప్రధాన పార్టీలూ పోటీపడి ప్రకటించాయి. తెలంగాణలో 2025 సెప్టెంబరు 26న బీసీలకు 42 శాతం ఇస్తూ జీవో 9 వచ్చింది. అక్టోబరు 9న ఉదయం పరిషత్ నామినేషన్లు మొదలయ్యాయి, అదే రోజు హైకోర్టు స్టే ఇచ్చింది, నామినేషన్లు ఆగిపోయాయి. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. చివరికి డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పాత పరిమితితోనే పంచాయతీ ఎన్నికలు జరిగాయి, 42 శాతం పార్టీపరంగా ఇస్తామని కాంగ్రెస్ చెప్పింది. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తే ఉండదు. గుర్తు లేని ఎన్నికలో పార్టీపరమైన కోటా ఎలా లెక్కించాలో, ఎవరు లెక్కించాలో చెప్పినవారు లేరు.

గుర్తు లేదన్న మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. పంచాయతీల్లో పార్టీ ఎక్కడ నిలబడాలో పార్టీ నిర్ణయించదు, ఊరు నిర్ణయించిన దాన్ని తర్వాత తనదిగా చెప్పుకుంటుంది. కులం, కుటుంబం, పాత తగాదా, బోరు మోటారు వివాదం కలిసి రెండు వర్గాలవుతాయి. ఒక్కోసారి రెండు వర్గాలూ అధికార పార్టీవే. ఫలితాలొచ్చిన రాత్రి రెండు పార్టీలు ప్రకటించే అంకెలు కలిపితే రాష్ట్రంలోని పంచాయతీల కన్నా ఎక్కువ తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. గెలిచిన సర్పంచ్ మెడలో కండువా మరుసటి వారం పడుతుంది.

పరిషత్తులు, పురపాలికల్లో గుర్తు ఉంది కాబట్టి ఇంకో లెక్క నడుస్తుంది. ఎంపీపీని ఎంపీటీసీలు, జడ్పీ చైర్మన్‌ను జడ్పీటీసీలు, మున్సిపల్ చైర్మన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. కాబట్టి ప్రతి స్థానం విలువా ఒకటి కాదు. ఎంపీపీ పదవి ఎస్టీ మహిళకు రిజర్వయితే, ఆ వర్గం అభ్యర్థి తప్పక గెలిచే చోటు ముందు చూసుకోవాలి. మిగతా స్థానాలన్నీ గెలిచి ఆ ఒక్కటి ఓడితే అధ్యక్ష పదవి ప్రత్యర్థి చేతికి పోయే ప్రమాదం ఉంది. అందుకని చైర్మన్ పదవి ఆశించే వారికి సురక్షితమైన వార్డు, వారి వెనక నడిచేవారికి మిగిలినవి. ఇంత జాగ్రత్త పడ్డా పదవి రీత్యా ఎమ్మెల్యే, ఎంపీలకు ఉండే ఎక్స్‌అఫీషియో ఓట్లు వచ్చి లెక్క తారుమారు చేస్తాయి. 2021లో మైదుకూరు మున్సిపాలిటీలో 24 వార్డులకు టీడీపీకి 12, వైఎస్సార్‌సీపీకి 11, జనసేనకు 1 వచ్చాయి. ఎమ్మెల్యే, ఎంపీ ఓట్లు కలిశాక చైర్మన్ పదవి వైఎస్సార్‌సీపీకి దక్కింది. వార్డుల్లో ఓటరు వేసిన ఓటు కన్నా సభలో అతిథిగా వచ్చిన ఓటు బరువైంది. అదే ఏడాది తూర్పుగోదావరి జిల్లా కడియంలో జనసేన, టీడీపీ సభ్యులు కలిసి ఎంపీపీ పదవిని జనసేనకు తెచ్చుకున్నారు. అప్పటికి జనసేన అధికారికంగా బీజేపీ మిత్రపక్షం. పైన పొత్తు ఇంకా పుట్టకముందే కింద మండలంలో కుదిరింది. స్థానిక నాయకులకు ఎక్కడ కలవాలో అధినేతల కన్నా ముందే తెలుసు.

ఇప్పుడు అసలు చేదు విషయం. పోటీ చేయకపోవడం అన్నిసార్లూ పార్టీ ఎంపిక కాదు. 2021 పరిషత్ ఎన్నికల్లో నోటిఫై అయిన 9,696 ఎంపీటీసీ స్థానాల్లో 2,371, 652 జడ్పీటీసీ స్థానాల్లో 126 ఏకగ్రీవమయ్యాయి. అంటే ఎంపీటీసీల్లో దాదాపు నాలుగింట ఒకటి, జడ్పీటీసీల్లో ఐదింట ఒకటి. పురపాలక ఎన్నికల్లో పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాలు వార్డుకు వార్డు మొత్తం ఏకగ్రీవం. నామినేషన్ల సమయంలో మాచర్లలో తెలుగుదేశం నేతలు బొండా ఉమామహేశ్వరరావు, బుద్దా వెంకన్న వెళ్తున్న కారుపై దాడి జరిగింది. అలాంటి చోట అభ్యర్థి దొరకలేదంటే అది వ్యూహం కాదు. పైగా ఆ ఏడాది పంచాయతీలకు ఏకగ్రీవమైతే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకమని ప్రభుత్వమే ప్రకటనలిచ్చింది. ఊరంతా కూర్చుని ఒక మంచి మనిషిని ఎన్నుకోవడం వేరు. పట్టణంలో 31 వార్డులకు 31 మందే మిగలడం వేరు. ఒక్క నామినేషనే మిగిలిన చోట నోటా నొక్కే హక్కు కూడా ఉండదు, ఎందుకంటే అక్కడ పోలింగే ఉండదు.

అధికారం మారితే ఇది మారుతుందనుకున్నవారికి 2025 ఆగస్టు పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక గుర్తుండాలి. ఎప్పుడూ ఒకే కుటుంబం మాట నెగ్గే ఆ మండలంలో ఈసారి పోటీ జరిగింది, తెలుగుదేశం గెలిచింది, వైఎస్సార్‌సీపీకి డిపాజిట్ దక్కలేదు. తమ ఓటర్లను పోలింగ్ కేంద్రాలకు రానీయలేదని వైఎస్సార్‌సీపీ ఆరోపించింది, రెండు కేంద్రాల్లో జరిగిన రీపోలింగ్‌ను బహిష్కరించింది. నాలుగేళ్లలో రెండు పార్టీలూ ఒకరి మాట ఒకరు మార్చుకుని మాట్లాడాయి. ఎవరి ఆరోపణ ఎంత నిజమన్నది వేరే చర్చ. అధికారంలో లేని పార్టీకి స్థానిక ఎన్నికలో నిలబడటం ఖర్చుతో పాటు భయం కూడా అన్నది మాత్రం ఇద్దరూ చెప్పిన సాక్ష్యమే.

2021లో ఎన్నికైన ఆంధ్రప్రదేశ్ స్థానిక సంస్థల గడువు 2026తో తీరుతోంది. ఈసారి సమస్య అభ్యర్థి లేకపోవడం కాదు, తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమిలో ఎక్కువైపోవడం. 2024లో జనసేన 21 అసెంబ్లీ స్థానాలు తీసుకుని అన్నీ గెలిచింది, బీజేపీ 10 తీసుకుని 8 గెలిచింది. ఆ నియోజకవర్గాల్లో తెలుగుదేశం కార్యకర్త ఎమ్మెల్యే టికెట్ త్యాగం చేశాడు, ఎంపీటీసీ టికెట్ కూడా చేయమంటే చేస్తాడా? పవన్ కల్యాణ్ కోసం మాజీ ఎమ్మెల్యే వర్మ తప్పుకున్న పిఠాపురంలో ఈ ప్రశ్న ఎంత పదునుగా ఉందో అక్కడి వారిని అడగనక్కర్లేదు. ఎమ్మెల్యే ఎవరిదైతే వార్డులూ వారివే అన్న సూత్రం పెడితే తెలుగుదేశం ఎమ్మెల్యేలున్న చోట్ల జనసేన కుర్రాడికి ఏమీ మిగలదు. గత ఓట్ల ప్రకారమంటే జనసేనకు 2019 లెక్కా, 2024 లెక్కా అన్న తగువు. పైన ముగ్గురు నాయకులు ఒక శాతం తేల్చుకున్నా, ఆ శాతంలో ఏ ఊరు ఎవరిదన్నది తేల్చేది మళ్లీ నియోజకవర్గంలోని ఆ ఒక్కరే.

ఇందులో మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేనిది ఒకటుంది. బీ-ఫారం గడువును అసెంబ్లీ ఎన్నికల్లోలాగే నామినేషన్ల చివరి రోజుకు తెస్తే, ఆ రోజు సాయంత్రానికి ఏ పార్టీ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తప్పుకుందో ఊరికి తెలిసిపోతుంది. ఉపసంహరణ దాకా ఉన్న రోజుల్లో జరిగే బేరానికి సరుకు మిగలదు. తప్పుకున్న వారిని ఎందుకు తప్పుకున్నావని అడిగే వ్యవధి ఓటరుకు దొరుకుతుంది. పరిశీలనలో నామినేషన్ చెల్లకపోతే ఎలా అని పార్టీలు అడ్డం చెబుతాయి. అసెంబ్లీ ఎన్నికల్లో అదే బీ-ఫారంలో ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు రాసే గడి ఉంది, పార్టీలు దాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుకుంటూనే ఉన్నాయి.